ఆరే సమయం

చీమకుర్తిలో మా ఫ్యాక్టరీలో
పలకకి ఇంత అని ఒక లెక్క ఉంది.
కోతకి ఇంత, పాలిష్‌కి ఇంత, కరెంటుకి ఇంత,
చిట్టచివరి గడిలో, అడిగితే తప్ప కనపడని అంకె:
చూడ్డానికి ఇంత.

చూసే మనిషి కాశింబీ.
చెక్క సుత్తితో మూలమూలా తట్టి
చెవి వంచి వింటుంది.
"మంచి పలక కంచంలా మోగుద్ది సార్.
పగిలింది ముంతలా బదులిస్తది."
పలకకి ఏడు నిమిషాలు.
లైను షిఫ్టుకి తొంభై ఇస్తే
ఆమె చెవికి అందేది అరవై.
మిగతా ముప్పై గోడకి ఆనుకుని నిలబడతాయి
బట్వాడా రోజు ఆఫీసు బయట మనుషుల్లా.

"ఐదింట్లో ఒకటి చూస్తే చాలదా?" అన్నాడు ఓనరు.
ప్లానింగు నా పని. రెండు గీతలు గీశాను.
చూసేకొద్దీ పెరిగే ఖర్చు,
చూడకపోయేకొద్దీ పెరిగే నష్టం.
రెండూ కోసుకున్న చోట పెన్ను గుచ్చి
ఇక్కడే మనం ఉండాల్సింది అన్నాను.
నా గీతలు నాకు ముద్దుగానే ఉన్నాయి.

కాశింబీ కాగితం కేసి చూళ్ళేదు.
"పాలిష్ అంతా అయ్యాక నాకు చూపిస్తారెందుకు?
ఇస్తరేసి వడ్డించాక
బియ్యంలో రాళ్ళేరినట్టు!"

యార్డులోకి నడిచింది.
కట్టర్ నుంచి అప్పుడే దిగిన పలక,
ఇంకా మెరుపు తెలియని బూడిదరంగు ముఖం.
బక్కెట్టు నీళ్ళు కుమ్మరించింది.
రాయి ఒక్కసారి నల్లబడి
లోపలి బంగారు చుక్కలన్నీ పైకొచ్చాయి.
నేను వంగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.
"ఇప్పుడు చూడబాకండి. ఆరనీండి."

అంచుల్నుంచి తడి వెనక్కి తగ్గింది.
నలుపు బూడిదైంది. చుక్కలు లోపలికెళ్ళాయి.
అంతా ఆరిపోయాక
కుడి మూల నుంచి జానెడు లోపలికి
వెంట్రుకంత నల్లగీత ఒకటి
ఆరకుండా మిగిలింది.

ఆ సాయంత్రం ప్లాను మార్చాను.
చూడ్డాన్ని పాలిష్‌కి ముందుకి జరిపాను.
కొత్త గడి ఒకటి చేర్చి పైన రాశాను: ఎండ.
మే నెలలో మూడు నిమిషాలు,
అప్పుడు పగులు కూడా తొందరగా ఆరిపోతుంది, రెప్ప వెయ్యకూడదు.
శ్రావణంలో పదకొండు.
కార్తీకం ముసురుకి ఏం రాయాలో తెలియక
ఖాళీగా వదిలేశాను.
ఓనరు నవ్వాడు, "ఎండకి రేటెంతయ్యా?" అని.
నవ్వుతూనే నాలుగు బ్లోయర్లు కొన్నాడు.

ముసురు రానే వచ్చింది.
వాగు పొంగి కాశింబీ రాలేదు.
రాత్రికల్లా కంటైనరు కృష్ణపట్నం చేరాలి,
ఓడ మనకోసం ఆగదు.
నీళ్ళు నేనే పోశాను. బ్లోయరు నేనే పట్టుకున్నాను.
రెండొందల పద్నాలుగో పలక.
తొమ్మిది నిమిషాలు గడిచినా
ఎడమ మూల దారప్పోగు లాంటిదేదో.
తడి కావచ్చు. రాతి నరం కావచ్చు.
డ్రైవరు యానాదయ్య హారన్ కొట్టాడు,
కొట్టి, ఇంకోసారి కొట్టాడు.
ముద్ర వేశాను.

నాలుగు నెలలైంది. ఫిర్యాదు రాలేదు.
నెల రిపోర్టులో 'వాపసు' గడిలో సున్నా పెట్టాను.
ఓనరు ఆ సున్నా చుట్టూ ఎర్రపెన్నుతో
ఇంకో సున్నా చుట్టాడు, మెచ్చుకోలుగా.
ఎవరింట్లోనో వంటగట్టు మీద
ఆ మూలనే రోజూ నీళ్ళబిందె దించుతున్నారేమో.

ఇవాళ టీ వేళ కాశింబీకి చెప్పేశాను.
తిట్టలేదు. "ఏ మూల?" అంది.
ఎడమ అన్నాను.
గ్లాసు పక్కకి జరిపింది.
బల్ల మీద ఒలికిన టీ
సన్నగా ఒక గీతై పాకుతోంది.
నేను గుడ్డ అందుకోబోయాను.

"తుడవబాకండి," అంది.